జాఫ్నాలో మునిరత్నం ముడుపు

ఐరాలలో ఉదయం ఆరున్నర బస్సెక్కి, ముందు తిరుచానూరులో పూలమ్మే కమలమ్మను కలిశాను. ఆమె భర్త మునిరత్నం, నేను ఎనభైల్లో శాంతిసేనగా ఒకే పటాలంలో శ్రీలంకకు వెళ్ళాం. నేను తిరిగొచ్చాను. అతని శవం కూడా రాలేదు.

పోరు ముదిరిన రోజుల్లో అతను పెళ్ళి ఉంగరాన్ని పసుపుగుడ్డలో ముడుపు కట్టి, ప్రాణంతో ఇల్లు చేరితే కొండమీద హుండీలో వేస్తానని మొక్కుకున్నాడు. ఆ ముడుపును బిస్కెట్ డబ్బాలో పెట్టి జాఫ్నాలో ఒక ఇంటి వెనక పాతిపెట్టాం. మామిడి రైతు బిడ్డను కాబట్టి, గుర్తుకు దానిమీద టెంక నాటాను. అది చెట్టవుతుందని అప్పుడు తోచలేదు.

అతను తిరిగి రాలేదు గనక మొక్కు చెల్లించనక్కర లేదని కమలమ్మతో చాలాసార్లు వాదించాను.

"దేవునితో లాయరు మాటలొద్దున్నా. ఆ ముడుపు ఆడుండేదాకా ఆయనా ఆడనే ఉంటాడు. నాకు కండ్లు పోతాండాయి. ఉండంగానే తెచ్చియ్యి" అంది. ఇన్నేళ్ళూ వెళ్ళకపోవడానికి కారణం భయం, ఇంకేమీ కాదు.

రేణిగుంటలో పదీ నలభైకి చెన్నై రైలు. టికెట్టు ఎనభై ఐదు రూపాయలు. కమలమ్మ కట్టిచ్చిన పులిహోర తింటుంటే పక్కనున్న గోడౌన్ హమాలీ ఎక్కడికని పలకరించాడు. చెప్పాను.

"శ్రీలంకకా? ఆడేముండాదని?"

"ఒక ఉంగరం."

"తిరుపతిలో దొరకవా అన్నా?"

న్యాయమైన ప్రశ్నే. అతనికి కాస్త పులిహోర పెట్టాను.

రాత్రికి చెన్నైలో లాడ్జి పదకొండు వందలు. మర్నాడు విమానాశ్రయంలో నా చేతిసంచిలోని చిన్న పారను తీసేసుకున్నారు. ఏం తవ్వడానికని జవాను అడిగితే నిధి అన్నాను. నవ్వి పంపించాడు. గంటంబావులో విమానం జాఫ్నాలో దిగింది. అక్కణ్ణుంచి ఆ ఇంటికి ఆటో.

నా ఊహలో ఆ మామిడి ఇంకా మొలకే. తీరా చూస్తే ఇంటికన్నా ఎత్తున ఉంది చెట్టు. మొదలు ఇద్దరు పట్టుకున్నా అందదు. దాని వేళ్ళ కింద డబ్బాను ఎలా తవ్వను అనుకుంటూ అక్కడే చతికిలబడ్డాను.

ఇంట్లోంచి ఒక రిటైర్డు టీచరమ్మ వచ్చింది. చిత్తూరోళ్ళకు అరవం ఎటూ వచ్చు కాబట్టి, చుట్టాలను వెతుకుతున్నానని అబద్ధం సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిస్తే నిజమే వచ్చింది. "అప్పట్లో వచ్చిన ఇండియా సైన్యంలో ఉన్నానమ్మా."

ఆమె లోపలికి రమ్మనలేదు. కూర్చోమననూ లేదు. వెళ్ళిపోదామని లేచాను.

"ఎందుకొచ్చారు?" అంది అప్పుడు. చెప్పాను. లోపలికి వెళ్ళి, దేవుడి అలమరలోంచి వెలిసిపోయిన పసుపు మూట తెచ్చింది.

"మొక్కకు పాదు చేస్తుంటే డబ్బా దొరికింది. పసుపుగుడ్డ చూసి ఎవరిదో మొక్కుబడి అని తెలిసింది. ఇంకొకరి ముడుపు నేనెలా విప్పుతాను? మూడుసార్లు ఇల్లు వదిలి పారిపోయాం. మూడుసార్లూ వెంట తీసుకెళ్ళాను. నా నగలే మర్చిపోయాను." చెట్టు వైపు చూసి, "కాయలు మాత్రం పులుపు. ఊరగాయకు తప్ప పనికిరావు" అంది.

వాళ్ళు పారిపోయినదానికీ, కాయల పులుపుకూ తల దించుకున్నాను. క్షమించమని అడగబోయి, దండం పెట్టాను. ఆమె టీ పెట్టి, తాటిబెల్లం ముక్కతో ఇచ్చింది. జాఫ్నా వెళ్ళదలచినవారు నిశ్చింతగా వెళ్ళవచ్చు. మనల్ని ఆదరించాల్సిన అవసరం వాళ్ళకు లేదు, అయినా ఆదరిస్తారు.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి రైలు రేణిగుంట చేరింది. తిరుచానూరులో ఉండమన్నా వినకుండా కమలమ్మ ప్లాట్‌ఫారం మీదికే వచ్చేసింది. మూట చేతిలో పెట్టాను. కళ్ళకు దగ్గరగా పట్టుకుంది, ఆనినట్టు లేదు. వేళ్ళతో ముడిని తడిమింది.

"నేను పూలకు వేసే ముడే. ఆయనకు నేర్పింది నేనే" అంది నాతో.

తర్వాత దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇన్నేండ్లా నువ్వొచ్చేదానికి?" అని ఆ మూటనే అడిగింది. నేను పక్కకు తిరిగి ఏడ్చాను.