తలకెక్కిన క్రిస్మస్ గంటలు

మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి టోపీ పెట్టకుండా ఉండడు. నేను మాత్రం ఒకే పండగ పూట పదకొండు మందికి పెట్టాను. అదీ మోసం లేకుండా, ప్రేమతో, నా చేత్తో అల్లి మరీ. ఆ ఘోరం చెబుతాను వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మా దావీదు మామ క్రాపు సంగతి వచ్చినప్పుడు కాస్త జాలిపడండి.

యాభైల నాటి మాట. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మా నాయన కర్నూలులో మిషన్ బడి పంతులు. ఆ బడిలో ఆడపిల్లలకు అల్లికలు నేర్పే టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. అది వస్తే మా వంశంలో జీతం తెచ్చే మొదటి ఆడపిల్లను నేనే. రాకపోతే రాజంపేటలో మా మేనత్త దగ్గరికి పోయి ఆమె కోళ్లను కాయాలి. అమ్మ అప్పుడే ఆమెకు ఉత్తరం కూడా రాయించింది.

బడి పెద్ద టీచరమ్మ నన్ను పిలిపించి, "అల్లిక వచ్చా అమ్మాయ్?" అని అడిగింది.

"బాగా వచ్చండీ" అన్నాను. నిజానికి నాకు వచ్చింది ఊడిన గుండీ కుట్టడం. అది కూడా రెండుసార్లు వేలు పొడుచుకున్నాకే కుదిరేది.

"అయితే క్రిస్మస్ చెట్టుకు తెల్లదారంతో గంటలు అల్లి కట్టు. అవి చూసి ఉద్యోగం సంగతి చెబుతాను."

పక్కింటి జైతూన్ ఖాలా కొక్కెం సూది పట్టిందంటే, మాట్లాడుతూనే వరసల మీద వరసలు అల్లేసేది. పరుగెత్తి ఆమె ముందు కూలబడ్డాను.

"నాకు నమాజు టోపీ తప్ప ఇంకేం రాదు బేటీ" అంది ఖాలా.

"టోపీకి దారం కట్టి యాలాడదీస్తే గంటే గదా ఖాలా!"

ఖాలా ఆలోచించింది. "అట్లయితే ఆరు వరసలకే ఆపాల. పిడికిలంత ఉంటేనే గంట. అది దాటితే మళ్లా టోపీనే, చూసుకో."

విన్నాను. విని పక్కన పెట్టాను. వెనక బల్లల వాళ్లకు కూడా గంటలు కనిపించొద్దూ? గంటల సంగతి ఖాలాకేం తెలుసు అనుకున్నాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే అదే.

మూడు వారాల్లో ఆమె దగ్గర అల్లిక నేర్చుకుని, ఇంట్లో కూర్చుని పన్నెండు గంటలు అల్లాను. తీరా చూస్తే ఒక్కటీ నిలబడదు. ఉడికిన ఆకుకూరలా వేలాడుతున్నాయి. గంజి పెడదామంటే మాది జొన్న సంగటి తినే ఇల్లు. వరన్నం పండగనాడే. దాంతో నాయన పుస్తకాలకు అట్టలు వేసే మైదా జిగురు తీసుకుని, గంటలన్నీ అందులో ముంచి, బోర్లించిన గిన్నెల మీద ఆరబెట్టాను.

"ఏమే, ఇంట్లో గిన్నెలన్నీ ముసుగేసుకుని కూసున్యాయి, కూర యాడ వండాల నేను?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆరాక చూడాలి! వేలితో కొడితే టక్ టక్ అన్నాయి. అన్నిటికంటే పెద్దది నేను ఉంచుకున్నాను. మిగిలిన పదకొండూ పండగ ముందురోజు చుట్టాలకూ స్నేహితులకూ అరిసెలతో పాటు కానుకగా పంచాను. ఎవరి గంట వాళ్లే తెచ్చి చెట్టుకు కడితే ఎంత ముచ్చటగా ఉంటుంది!

"ఏందిమే ఇది?" అన్నాడు తాత.

"కానుక తాతా. రేపు గుడికి మర్సిపోకుండా తేవాల. ఏందో చూస్తే నీకే తెలుస్తాది."

తాత అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు తెలిసిపోయింది.

పొద్దున చర్చిలో క్రిస్మస్ చెట్టుగా వేపకొమ్మ నిలబెట్టారు. దాని కొనకు నా గంట కట్టాను. ముందు బల్ల మీద పెద్ద టీచరమ్మ కూర్చుని, "మిగతావి ఏవమ్మాయ్?" అంది.

"వస్తాన్నాయండీ" అంటూ గుమ్మం వైపు చూశాను.

వచ్చాయి. ముందు తాత, నెత్తిన నా గంట. వెనక దావీదు మామ, నెత్తిన నా గంట. నా స్నేహితురాలు సలోమి కొప్పు మీద తొడుక్కుని మరీ వచ్చింది. పదకొండు గంటలూ పదకొండు తలలెక్కి దర్జాగా నడిచి వచ్చాయి. నాకు భూమిలో దూరిపోదామనిపించింది.

పాస్టరు అయ్యగారు లేచి, "ప్రార్థన చేద్దాం. మగోళ్లు టోపీలు తీయండప్పా" అన్నారు.

చర్చి జనంతో కిటకిటలాడుతోంది. ఉక్కకు చెమటా, తలనూనే కలిసి మైదా కరిగి పట్టుకుంది. తాతది బట్టతల కాబట్టి టప్పున ఊడింది. మిగతా వాళ్లవి కదలవు.

"ఏమప్పా దావీదూ, దేవుని ముందర మొండితనమా? తియ్యి!"

"మొండితనం నాది కాదయ్యా, టోపీది!" అని మామ ఏడుపు గొంతుతో అరిచాడు.

ఇంకేముంది, చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. గంటలు చూద్దామని వచ్చి గుమ్మంలో నిలబడ్డ జైతూన్ ఖాలా మాత్రం నవ్వలేదు. ఇంటికి పరుగెత్తి వేన్నీళ్లు తెచ్చింది. పది మందినీ వరండాలో వరసగా కూర్చోబెట్టి తలలు తడిపింది.

"లాగొద్దప్పా, జుట్టూడొస్తాది!" అని వాళ్లకు చెబుతూనే నా వైపు తిరిగి, "ఆరు వరసలు అన్యానా లేదా? ఎన్ని అల్లినావ్?" అంది.

"పద్నాలుగు ఖాలా."

"యా అల్లా!"

చివరికి అన్నీ ఊడాయి. మామ క్రాపులో సగం టోపీతోనే వెళ్లిపోయింది. పెద్ద టీచరమ్మ తడి టోపీ ఒకటి తీసుకుని తిప్పి చూసింది. "కొలతే తప్పు గానీ, అల్లిక ఎక్కడా తప్పలేదే! ఎన్నాళ్లలో నేర్చుకున్నావు? నిజం చెప్పు."

"మూడు వారాలండీ. ఈ ఖాలానే నేర్పింది" అని ఒప్పేసుకున్నాను.

"అయితే జనవరి నుంచి ఉద్యోగానికి రండి."

"అట్లనే వస్తానండీ!" అని ఎగిరి గంతేశాను.

"నిన్ను కాదమ్మాయ్" అంది టీచరమ్మ, ఖాలా వైపు చూస్తూ.

ఆ పూటంతా ఏడ్చాను. సాయంత్రం ఖాలా వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నాకు ఉద్యోగమంట బేటీ!" అని తనూ ఏడ్చింది. ఆ ముఖం చూశాక నా ఏడుపు ఎటు పోయిందో తెలియదు. జనవరిలో ఆమె క్లాసులో ముందు బల్ల మీద నేనే కూర్చున్నాను. రాజంపేట కోళ్లు కాపలా లేకుండానే బతికాయి.

అప్పుడే ఖాలా సూది మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ఆకాశం విరిగిపడినా, భూమి బద్దలైనా, ఈ జన్మలో ఏడో వరస అల్లను! మొన్న మనవరాలు చలికి టోపీ కావాలని పేచీ పెట్టింది. ఒట్టు ఒట్టే కదా, ఆరు వరసలకే ఆపి ఇచ్చాను. తలకు పట్టలేదని మూతి ముడుచుకుని, పోయి క్రిస్మస్ చెట్టుకు కట్టేసింది. ఇన్నేళ్లకు నా గంట ఒకటి తల దిగి చెట్టెక్కింది.