మావ తినని పుంజు

మొన్న మా చిన్న మనవరాలు టార్చిలైటులో అయిపోయిన బ్యాటరీని రాయితో చితక్కొట్టి, లోపలి నల్లపొడిని రెండు చేతులకూ పూసుకొని, దెయ్యాన్నంటూ వంటింట్లోకి వచ్చింది. చెయ్యి పట్టి చూస్తే అదే మాంగనీసు నలుపు, సబ్బుకు ఒక పట్టాన లొంగని నలుపు.

అరవైల చివర్లో మా అమ్మ తమ్ముడు సూరప్పడు మావ చీపురుపల్లి పక్కన మాంగనీసు గనిలో రాయికి బెజ్జాలు వేసేవాడు. పొద్దు వాలేవేళకి కళ్ళూ పళ్ళూ తప్ప ఒళ్ళంతా నల్లగా ఇంటికొచ్చి, తలపాగా దులిపితే రాలే దుమ్ములో మేం వేళ్ళతో బొమ్మలు గీసేవాళ్ళం. వేసవిలో అయితే ఆ నల్లచేతుల్లోంచే జీడిమామిడి పళ్ళు అందుకొని, కడగకుండానే చీకేసేవాళ్ళం. మా వీధి తప్పెటగుళ్ళ జట్టులో మావది ముందువరస. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటను అరచేతులతో మోగిస్తూ, గజ్జెలు ఘల్లుమనేలా వెనక్కి వెనక్కి గెంతుతుంటే ముసలమ్మలు కూడా లేచి నిలబడేవారు.

అలాంటి మావ ఒక ఏడు పండగలో వెనక్కి అడుగేసి వెల్లకిలా పడ్డాడు. ఆ తరవాత మడమలు నేలకానకుండా మునివేళ్ళ మీద, మోచేతులు ముడిచి నడవడం మొదలైంది. మొహం బిగుసుకుపోయింది. నవ్వకూడని చోట నవ్వు వచ్చేది.

నాకు ఎనిమిదేళ్ళు. బొబ్బిలి కోటలో ఏనుగంత బల్లిని చూశానని అప్పటికే వీధి మొత్తాన్ని నమ్మించినదాన్ని. ఊరుకుంటానా?

"అమ్మోరికి వదిలిన పుంజుని మావ కాల్సుకు తినీసినాడర్రా! అది ఆడి కాళ్ళల్లోకి దిగిపోనాది" అని, మావలాగే నడిచి చూపించాను.

అమ్మవారికి వదిలిన పుంజును మా వైపు ఎవరూ తాకరు. నా కథ వారం తిరక్కుండా నూతి దగ్గరికి, అక్కణ్ణించి మా అమ్మమ్మ చెవికి చేరింది. మావను విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని మూట కట్టిన మనిషి ఆ మూట విప్పేసింది. "అమ్మోరి కోపం సూదిమందుకి తగ్గుద్దేటి?" అంది. మూడు పుంజులు మొక్కింది.

మొక్కు తీర్చే ముందురోజు మావ నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"ఒసే బంగారీ, నాకైతే తిన్న గేపకం నేదే. నువ్వు సూసినావా? నిజిం సెప్పు."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది.

"సూసినాను మావా. ఎర్ర పుంజు. తోక కూడా వదల్నేదు."

మావ నవ్వాడు, ఆ అర్థం లేని నవ్వు. "అయితే తప్పు నాదేనే" అన్నాడు.

పుంజులు కోశాక, తప్పు తీరిపోయిందని మళ్ళీ గనిలోకి దిగాడు. ఇంకో రెండేళ్ళు అదే దుమ్ము పీల్చాడు, చొక్కా బొత్తాం పెట్టుకోలేనంతగా వేళ్ళు వణికేదాకా. ఆఖర్న మాట కూడా పోయింది.

చాలా ఏళ్ళకి విశాఖలో ఒక నరాల డాక్టరు చెప్పాడు. ఆ దుమ్ము పీల్చగా పీల్చగా మెదడులో చేరుతుందట. మొదట్లోనే గని మానిపిస్తే కొందరికి ముదరకపోవచ్చట. ఆ నడకను డాక్టర్లూ పుంజు నడకే అంటారట. నా కథలో నిజమల్లా ఆ పోలిక ఒక్కటే.

చిన్నదాని చేతులు తోముతూ ఇదంతా చెబుదామనుకున్నాను. "నలుపు పోదేంటి అమ్మమ్మా?" అంది. "పోతుందిలే" అన్నాను.

ఇప్పుడా గని గోతుల్లో నీళ్ళు నిలిచాయి. తప్పెట జట్టు లేదు, మావ లేడు. చుట్టాల్లో ఆయన మాటొస్తే మాత్రం "పాపం, అమ్మోరి పుంజుని తినీసినాడు" అంటారు. ఆ ఎర్రపుంజు మా ఊళ్ళో ఇంకా బతికే ఉంది, తోకతో సహా.