టీచరమ్మ చెప్పిన డైలాగ్

మా టీచరమ్మ ఇక లేరు. పోయిన మంగళవారం పొద్దున శ్రీనగర్ కాలనీలోని కూతురి ఇంట్లో, టీ తాగి కప్పు పక్కన పెట్టి, కుర్చీలోనే కన్నుమూశారట. కూతురు ఫోన్ చేసినప్పుడు నేను అమీర్‌పేటలోని కోచింగ్ సెంటర్‌లో క్లాసు చెబుతున్నాను. "అమ్మ ప్రభువు దగ్గరికి పోయిందక్కా" అంది. బోర్డు మీద సగం చేసిన లెక్కను అలాగే వదిలేసి బయటికి వచ్చాను.

ఆమె వారమంతా ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. ఆదివారం మాత్రం మా చర్చిలో సండే స్కూల్ టీచరు. ఎనభైల చివర్లో, నాకు పధ్నాలుగేళ్లప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం ఎక్కడినుంచో వీసీఆర్ తెప్పించి, చర్చి వెనక గదిలో మాకు ఒక ఇంగ్లిష్ సినిమా చూపించారు. దొంగలెత్తుకుపోయిన, బడిలో పెంచుకునే మేకను వెతుక్కుంటూ ముగ్గురు స్కూలు పిల్లలు డొక్కు వ్యాన్‌లో ఊళ్లు తిరిగే తమాషా కథ.

సంగతి తెలిసి సంఘ పెద్ద ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రార్థన చేసే జాగల సినిమాలేందమ్మా? పిల్లలు ఖరాబైతరు."

టీచరమ్మ ఒక కుర్చీ లాగి ఆయన ముందు వేశారు. "మీరు సుత కూసోండ్రి పెద్దయ్యా. ఒక్క చెడ్డ మాట వచ్చినా లేచి బంద్ చెయ్యుండ్రి."

ఆయన కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. మేక పోలీసు టోపీ నమిలినప్పుడు అందరికంటే ముందు నవ్వింది ఆయనే.

మాకు ఆ ఇంగ్లిష్ ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. టీచరమ్మ టీవీ పక్కన నిలబడి ప్రతి మాటనూ తెలుగులో చెబుతూ పోయారు. దొంగకు బొంగురు గొంతు, చిన్నపిల్లకు ముక్కుతో మాట. దారి తప్పి వ్యాన్‌ను బురదలో దించేసిన అమ్మాయి సిగ్గుతో దూరంగా పోయి కూర్చుంటే, స్నేహితురాలు వెళ్లి పక్కన కూర్చుని ఏదో అంటుంది. అక్కడ టీచరమ్మ గొంతు తగ్గించారు. "తొవ్వ తప్పినోళ్లకే తొవ్వ అడుగుడు వస్తది. లే, అడుగుదాం పా."

రెండేళ్లకు నేను పదో తరగతి లెక్కల్లో ఫెయిలయ్యాను. నాన్న ముఖం చూడలేక పంజాగుట్ట బస్టాపులో పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఏ బస్సు వస్తే అది ఎక్కేద్దామనుకున్నాను తప్ప, ఎక్కడికన్నది ఆలోచించలేదు. ఒక బస్సు మెట్టు మీద కాలు కూడా పెట్టాను. అప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. దిగి, ఎర్రమంజిల్ దాకా నడిచి, టీచరమ్మ బల్ల ముందు నిలబడ్డాను.

"లెక్కల్ల ఫెయిలైన, టీచరమ్మా. ఇంటికెట్ల పోవాలె?"

"నడుసుకుంట" అన్నారు తలెత్తకుండా. కొడుతున్న ఉత్తరం పూర్తి చేసి, మిషన్ మీద గుడ్డ కప్పి, పర్మిషన్ తీసుకుని నాతో నడిచి వచ్చారు.

గుమ్మంలో నాన్నతో ఆమె అన్నది ఇంతే: "పిల్ల ఫెయిలైంది అన్నా. కానీ ఇంటికొచ్చింది. ముందుగాల అన్నం పెట్టుండ్రి."

నాన్నే కంచం కడిగి అన్నం పెట్టాడు. సప్లిమెంటరీలో పాసయ్యాను. ఆ లెక్కలే చెప్పి బతుకుతున్నాను. ఫెయిలైన పిల్లలు కనిపించినప్పుడల్లా "ఒక సినిమాలో డైలాగ్ ఉంది" అని మొదలుపెట్టి ఆ తొవ్వ మాట చెప్పేదాన్ని.

పోయిన వానాకాలం ఆ సినిమా ఇంటర్నెట్‌లో దొరికింది. లాప్‌టాప్ పట్టుకుని టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఇద్దరం మంచం మీద కూర్చుని చూశాం. ఈసారి మాటలు తెర కింద అక్షరాల్లో పడుతున్నాయి. బురద సీను వచ్చింది. స్నేహితురాలు పక్కన కూర్చుని, తన సాక్సులు తడిశాయనీ, ఇంకో జత ఉంటే ఇమ్మనీ అంది. అంతే. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

"టీచరమ్మా, మరి తొవ్వ మాట?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "నాకేం తెలుసు బిడ్డా! నేను టైపు కొట్టే ఇంగ్లిష్ వేరు, గా పిల్లలు నమిలి మింగే ఇంగ్లిష్ వేరు. సగం సమజే గాలే. మీరేమో నా మొకమే చూస్తుంటిరి. ఏదో ఒకటి చెప్పాలె గద!" కాసేపటికి నవ్వు ఆపి అడిగారు. "తప్పయ్యిందా?"

"లేదు టీచరమ్మా. గా సినిమా తీసినోళ్లే ఆ మాట పెట్టుడు మర్చిపోయిన్రు."

ఇంగ్లిష్ సగమే అర్థమైన ఒక టైపిస్టు, ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాలు చూసి అప్పటికప్పుడు అల్లిన మాట అది. ఇన్నేళ్లూ ఆ గొప్పను సినిమాకు కట్టబెట్టాను. ఆ రోజు నుంచి క్లాసులో "మా టీచరమ్మ ఒక మాటనేవారు" అని మొదలుపెడుతున్నాను.

సినిమా అయ్యేసరికి బయట వాన వెలిసింది. తెర నల్లబడింది. లాప్‌టాప్ మూయబోతుంటే "జర ఆగు" అన్నారు. ఆ నల్లటి తెరను అద్దం చేసుకుని, ముందుకు వంగి, జారిన జుట్టు ముడిని రెండు చేతులతో మెల్లగా సర్దుకుంటూ, ఇంకా నవ్వుతూనే ఉన్నారు.