మళ్ళకు దుప్పటి

మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది, పెరట్లోని గోంగూర మళ్ళు నా చేతికొచ్చాయి. అప్పటివరకూ కెనడాలో, హామిల్టన్‌లోని ఆ ఇంటికి నేను చేసిన సేవల్లా మంచు ఎత్తిపోయడమే.

"మే నెలకల్లా నేను మెట్లు దిగి విత్తనాలు వేస్తా. అందాకా మళ్ళు పాడుచేయకండి," అంది. ఆపరేషన్ తర్వాత ఆమె దేనిమీదైనా ఆశపెట్టుకుని మాట్లాడడం అదే మొదటిసారి. ఆ మళ్ళు చెడితే మనిషి మంచం దిగదేమోనని నాకు భయం పట్టుకుంది.

వాకిట్లో ఆకు కనబడితే చీపురు అందుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. అక్టోబరులో మొక్కలు పీకేసి, రాలిన మేపుల్ ఆకులన్నీ ఊడ్చి, సంచులకెత్తి, చెత్త పట్టుకెళ్ళే సిటీ బండి కోసం రోడ్డు పక్కన పెట్టాను. ఇక ముగ్గు వేయడమొక్కటే తక్కువ.

మర్నాటికి మళ్ళనిండా ఆకులు! గాలి పని అనుకుని ఊడ్చేశాను. రెండు రోజులకు మళ్ళీ అదే తంతు. ఈసారి పక్కింటి పెద్దాయన, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయిన ఇటలీ మనిషి, కంచె మీదుగా సంచి బోర్లిస్తూ దొరికిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇదేం పనని ఇంగ్లీషులో గట్టిగానే అడిగాను. ఆయన నవ్వి మా కిటికీ వైపు చూపించాడు. అక్కడ వాకర్ పట్టుకుని మా ఆవిడ.

"నేనే అడిగా ఆయన్ని. మీకు చెప్తే వింటారా? ఇంత చలిలో మట్టిని అలా బోడిగా వదిలేస్తారా ఎవరైనా? దుప్పటి కప్పాలి!"

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఆ పూట మాత్రం చీపురు పక్కన పడేశాను.

పెద్దాయనా నేనూ ఆకులు మందంగా పరిచి, ఎగిరిపోకుండా పాత గోనెసంచులు కప్పి ఇటుకలు పెట్టాం. పైన మంచు పడింది. మళ్ళు చూడాలని మా ఆవిడ రోజూ కిటికీ దాకా నడిచేది. ఫిజియో వ్యాయామాలు చేయమంటే విసుక్కునే మనిషి!

మేలో గోనెలు తీశాం. నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, మడి పక్కన కుర్చీలో కూర్చుని, వంగి మట్టిలో వేలు గుచ్చింది. గుల్లబారిన మట్టిలోకి వేలు మొత్తం దిగిపోయింది.

"విత్తనాలు తెండి," అంది.

నాకు కళ్ళు నిండిపోయాయి. కంచె అవతలి పెద్దాయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

ఇప్పుడు అక్టోబరు వస్తే, సిటీ బండి కంటే ముందే వీధిలోవాళ్ళ ఆకుల సంచులు నేనే మోసుకొస్తాను. కిటికీలో ఎవరూ ఉండరు. నాకంటే ముందే ఆమె మళ్ళ దగ్గర ఉంటుంది.