చెరిపేసిన కొలతలు

"మాస్టారూ, ఆ చేతులు మీవేనా?" అని ఒక గిరాకీ మొహమ్మీదే అడిగాడు. దర్జీ నవ్వి చేతులు గుడ్డ కిందికి లాక్కున్నాడు. అప్పటికే పాత కత్తెరలో వేళ్లు దూరక కొత్తది కొన్నాడు. చేత్తో కాజాలు కుట్టడంలో ఆయనకు పెద్ద పేరు. ఇప్పుడు సూది వేళ్లలో ఉందో జారిందో కూడా తెలియడం లేదు. కాజాలు పోతే ఆయన దగ్గరికి ఎవరొస్తారు?

కారణాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఇస్త్రీ వేడికి ఉబ్బాయన్నాడు పక్క షాపాయన. కూర్చుని కూర్చుని ఒళ్లు పెరిగిందంది వదిన. చివరికి, పళ్ల మధ్య సందులు పెరుగుతున్నాయని గమనించిన పళ్ల డాక్టరు ఆయన్ని పెద్దాసుపత్రికి పంపాడు.

అక్కడి డాక్టరమ్మ ఇది ఎప్పుడు మొదలైందని అడిగింది. దర్జీ వెంట తెచ్చుకున్న కొలతల పుస్తకం తీశాడు. అందరి కొలతలూ ఉన్నాయి. ఆయన పేజీలో మాత్రం మెడ అంకె దగ్గర రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగింది. ఏటా తనకో చొక్కా కుట్టుకునేటప్పుడు కొలత కుదరకపోతే పాతది చెరిపేసేవాడట.

"ముందు టేపుది తప్పనుకున్నా, తర్వాత నాదనుకున్నా. ఒళ్లు తప్పుతుందని ఎవరనుకుంటారండీ?"

స్కాను చూసి ఆమె విడమరిచి చెప్పింది. మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. దానిలో చిన్న గడ్డ లేచి, ఎదుగుదల హార్మోను అదుపు లేకుండా వదులుతోంది. క్యాన్సర్ కాదు. ఈ వయసులో ఎముకలు పొడుగు పెరగలేవు కాబట్టి లావెక్కుతాయి.

"ఈయనేం చేశాడని వచ్చిందమ్మా?" అంది భార్య.

"ఏమీ చెయ్యలేదు. ఒక్క కణం దారి తప్పింది. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు. సాధారణంగా ఇది వంశపారంపర్యంగా పిల్లలకు రాదు."

తప్పు ఎవరిదీ కాదంటే ఊరట అంటారు. అదంతా వట్టి మాట. తప్పంటూ ఉంటే దిద్దుకోవచ్చు. భార్యకు ఆ దారీ లేకుండా పోయింది.

ముక్కులోంచి ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. వాపు తగ్గింది, చెమట తగ్గింది. లావెక్కిన ఎముకలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, కాజాలు భార్య కుడుతుంది. అవి అంత బాగుండవని ఇద్దరికీ తెలుసు. గిరాకీ సగమైంది. ఆపరేషన్‌కు బావమరిది ఇచ్చిన దాంట్లో అరవై వేలు ఇంకా తీర్చాలి.