గులాబీ రంగు చొక్కాలు

లాండ్రీలో అందరూ ఆమెను నురగక్క అంటారు. మోచేతుల దాకా సబ్బు నురగ లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. ఊరి ఫుట్‌బాల్ జట్టు తెల్లచొక్కాలు ఉతకడం ఏళ్లుగా ఆమె పనే. వాటి మోచేతుల మీది పచ్చగడ్డి మరక ఒక పట్టాన వదలదు. “నేల మీద పొర్లకుండా ఆడలేరా వీళ్లు?” అని తిట్టుకోని వారం లేదు. ఒక్క ఆటైనా చూసిందా అంటే అదీ లేదు.

జట్టు ఫైనల్‌కి వెళ్లింది. ఆట కోటలున్న పాత నగరంలో. ఈసారి కళ్లారా చూసి తీరాలనుకుంది.

“టీవీలో వస్తుంది కదమ్మా, నీకెందుకీ తిప్పలు?” అన్నాడు కొడుకు.

“టీవీలో వంటలు కూడా చూపిస్తారు. రేపు అవి చూసి కడుపు నింపుకో.”

లాండ్రీలో ఇస్త్రీ చేసే తమ్ముడు, గుండీలు కుట్టే చెల్లి తోడు వస్తామన్నారు. ముగ్గురూ తెల్లచొక్కాలు కొన్నారు. తమ్ముడు తనది తొడిగి చూసుకుని, జేబులో ఎర్ర రుమాలు మరిచిపోయాడు. గంజి పోవాలని నురగక్క మూడింటినీ కలిపి నానేసింది. ఊరందరి జేబులూ తడిమే మనిషి, సొంతవాళ్ల జేబు తడమలేదు. చొక్కాలు గులాబీ రంగుకు తిరిగాయి. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా అవే తొడిగించింది. ఎదుటి జట్టు రంగు ఎరుపు కావడం ఈ ముగ్గురి ఖర్మ.

ఆటకు ముందు కోట చూడబోతే, రాజుగారి పడకగదిని వదిలేసి జనం వీళ్లనే చూశారు. తెల్లజట్టువాళ్లూ నవ్వారు, ఎర్రజట్టువాళ్లూ నవ్వారు. చెల్లి బురుజు చాటున నక్కి నక్కి నడిచింది.

స్టేడియం గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. “టికెట్ తెల్లజట్టు వైపుది. మీరేమో ఎర్రరంగు వేసుకొచ్చారు. గొడవలవుతాయమ్మా, చొక్కాలు మార్చుకుని రండి.”

“కోట చూశాంగా అక్కా, పోదాం పద,” అంది చెల్లి.

“కోట రేపూ ఉంటుంది. ఆట ఉండదు.” కాపలావాడి వైపు తిరిగింది. “బాబూ, రంగు మార్చింది చొక్కా. నేను జట్టు మార్చలేదు.”

“రూలమ్మా.”

ఆమె కదల్లేదు. వెనక వరస పెరిగింది. ఎవరామె, జరగమనండి అని కేకలు మొదలయ్యాయి. నురగక్క వాళ్లకేసి తిరిగింది.

“మన జట్టు చొక్కాలు ఉతికేదాన్ని. నా చొక్కాకే రంగంటించుకున్నా. నవ్వుకోండి, నవ్వుకున్నాక దారివ్వండి.”

నవ్వారు, కడుపు పట్టుకుని మరీ నవ్వారు. తర్వాత వరసలోంచి ఒక పెద్దాయన, “మన మనిషేనయ్యా, పోనీ,” అన్నాడు. మిగతావాళ్లూ అందుకున్నారు. కాపలావాడు విసుక్కుని చెయ్యి తీశాడు.

తెల్లటి జనం మధ్య ముగ్గురూ గులాబీ రంగులో కూర్చున్నారు. ఆట ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు. చివర్లో గోల్ మూలకు దూసుకొస్తున్న బంతి మీదికి ఊరి జట్టు గోల్‌కీపర్ అడ్డంగా దూకాడు. గడ్డి మీద జారుకుంటూ పోయి దాన్ని గుండెకు హత్తుకున్నాడు. లేచి నిలబడితే మోచేతి మీద పచ్చటి మరక.

ఇన్నేళ్లుగా తిట్టుకుంటూ వదిలించిన మరక అదే. నురగక్క కుర్చీ ఎక్కి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమన్నా కూర్చోలేదు.

“పొర్లు నాయనా, పొర్లు,” అని అరిచింది. “ఉతకడానికి నేనున్నా.”