తాళాల పెదనాన్న గుత్తి దించిన రోజు

రాజులు కిరీటం దించిన ఘట్టాలు చరిత్రలో ఉన్నాయి. సేనాపతులు కత్తి దించిన ఘట్టాలూ ఉన్నాయి. తాళాల పెదనాన్న తన తాళాల గుత్తిని మరొకరి చేతికిచ్చిన ఘట్టం మాత్రం ఆ వీధి చరిత్రలో లేదు. అది గుత్తి అనడం మర్యాద. నిజానికి ఇనుప పనసకాయ. తమ్ముడి కూతురి పెళ్ళి ఫోటోలో కూడా ఆయన అక్షింతలు ఒక చేత్తోనే వేశాడు, రెండో చేతిలో గుత్తి ఉంది మరి.

"ఇన్ని తాళాలు దేనికన్నయ్యా? ఉన్నది ఒక్క బీరువా, దానికీ తలుపు పడదు" అని తమ్ముడు దెప్పితే, "ఇనుము తిండి అడుగుతుందట్రా?" అనేవాడు.

కారు తాళంచెవి కూడా ఆ గుత్తిలోనే ఉండేది. ఆ కారుకు కొంతకాలంగా నడుస్తూ నడుస్తూ ఆగిపోయే జబ్బు పట్టుకుంది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు, బ్యాటరీ మార్చాడు. షెడ్డులో ఉన్నంతసేపూ అది కొత్తల్లుడంత బుద్ధిగా ఉండేది. "ఊరంతా తిప్పాను సార్, ఒక్కసారి ఆగితే ఒట్టు!" అనేవాడు మెకానిక్. పెదనాన్న చేతికి రాగానే మళ్ళీ మొరాయించేది.

ఒకరోజు మధ్యాహ్నం, ల్యాబులో రక్తపరీక్షలు చేసే తమ్ముడి కూతుర్ని ఎక్కించుకుని వస్తుంటే ఫోను మోగింది. వీధి చివర ఒంటరిగా ఉండే లెక్కల టీచరమ్మ.

"బాత్రూములో జారిపడ్డానయ్యా. కాలు కదలట్లేదు. కళ్ళు తిరుగుతున్నా..." లైను తెగిపోయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు.

పెదనాన్న యాక్సిలరేటరు తొక్కాడు. "వీధి తలుపు తాళం వేసుకుని ఉంటుంది. రెండో చెవి ఈ గుత్తిలో ఉంది."

"ఆవిడ తాళంచెవి నీ దగ్గరెందుకుంది?"

"పడితే లేపడానికి."

స్పీడ్ బ్రేకరు దాటగానే ఇంజను ఆగింది. బతికించాడు. గతుకు రాగానే మళ్ళీ ఆగింది. వెనక లారీ హారను చెవులకు చిల్లులు పొడుస్తోంది.

"కదలవే తల్లీ, నీకు దణ్ణం పెడతా!"

"దణ్ణం తర్వాత పెట్టు పెదనాన్నా. షెడ్డులో ఇది ఎందుకు ఆగదు? మెకానిక్కి గుత్తి మొత్తం ఇస్తావా?"

"నాకేమన్నా పిచ్చా? కారు చెవి ఒక్కటే ఊడదీసి ఇస్తా."

అమ్మాయి కళ్ళు స్టీరింగు కిందికి పోయాయి. మరో గతుకు. గుత్తి గంటలా ఊగింది, తాళంచెవి సగం వెనక్కి తిరిగింది, ఇంజను చచ్చింది.

"ఇంజను కాదు, నీ గుత్తే ఆపేస్తోంది! గతుకు వచ్చినప్పుడల్లా ఆ బరువుకి చెవి తిరిగిపోతోంది. కారు చెవి ఊడదీసి మిగతాది ఇటివ్వు."

"ఎవరికి?"

"నాకు! ఇంకెవరున్నారు?"

ఆయన గుత్తిని చూశాడు, రోడ్డును చూశాడు. పసిబిడ్డను అప్పగించినట్టు ఆమె ఒళ్ళో పెట్టాడు. "జాగ్రత్తమ్మా. అవి నావి కావు."

కారు కదిలింది. గతుకులో పడింది, లేచింది, పోతూనే ఉంది.

"ఎర్రదారం కట్టింది టైలరుది, చూపానదు. పొడుగుది పోస్టుమాస్టరుది, ఆయాసమొస్తే లేవలేడు. ఒంటరివాళ్ళందరివీ ఉన్నాయి. ఎవరికి వాళ్ళు, తమదొక్కటే నా దగ్గరుందనుకుంటారు. బయటపడితే చిన్నతనమని వాళ్ళ బాధ. నీ కడుపులోనే పెట్టుకో."

అమ్మాయి గుత్తిని రెండు చేతులతో పట్టుకుంది.

గుమ్మం ముందు ఆయన గుత్తి అందుకుని, చూడకుండానే చెవి తీశాడు, తిప్పాడు, తోశాడు. తలుపు కదల్లేదు. చెమటలు పట్టాయి. భుజం వేసి తోశాడు. అమ్మాయి కూడా భుజం కలిపింది.

లోపల్నుంచి, తరగతిగది వెనక బెంచీదాకా వినబడే గొంతు వచ్చింది.

"ఎందుకయ్యా ఆ కుస్తీ? మొక్కలకు నీళ్ళు పోసి వచ్చి తాళం వెయ్యకుండానే తలుపు మూశాను. ఇప్పుడు చెవి తిప్పి తాళం వేసింది నువ్వే."